సైకస్ చిగురు రాత్రికి రాత్రే పోయింది, ఫెర్న్‌లు మాడుతున్నాయి, ఏం చేయాలి?

తోటపని_తిరుపతి

అందరికీ నమస్తే. తిరుపతిలో ఒక కాలేజీ బోటనీ తోట చూసుకునే బాధ్యత పోయిన జూన్‌లో నాకొచ్చింది. తోట మూలన పాత అద్దాల గది ఉంది, అందులో ఫెర్న్‌లు, ఆర్కిడ్‌లు, నాలుగు సైకస్‌లు (చూడ్డానికి ఈత మొక్కల్లా ఉంటాయి). రథసప్తమి దాటినప్పటి నుంచి మధ్యాహ్నం తలుపు తీస్తే మొహానికి ఆవిరి కొడుతోంది, లోపల థర్మామీటర్ 41 చూపిస్తోంది. ఫెర్న్ ఆకుల అంచులు మాడుతున్నాయి. ఒక సైకస్ మొన్న చిగురేసింది, ఆకులన్నీ ఒకేసారి చుట్టలు చుట్టుకుని పైకి లేస్తుంటే ముచ్చటేసింది. సోమవారం వెళ్ళి చూస్తే ఈనెలు మాత్రమే మిగిలాయి, వాటి నిండా చీమలు. చీమల మందు చల్లాలా? బయట ఎర్రచందనం చెట్టుకు ఒక్క ఆకు లేదు, చచ్చిపోయిందేమో అని టెన్షన్. కుండీలు ఇప్పుడు మార్చాలా, ఉగాది దాకా ఆగాలా?

చిత్తూరు_నర్సరీ

అన్నా, తిన్నది చీమలు కాదు, మందు చల్లొద్దు. రూపాయి బిళ్ళంత నీలం సీతాకోకచిలుక ఒకటుంది, ప్లెయిన్స్ క్యూపిడ్ అంటారు. అది సైకస్ లేత చిగురు మీద గుడ్లు పెడుతుంది. ఆ పురుగుల ఒంటి నుంచి వచ్చే తీపి కోసం చీమలు చేరి వాటికి కాపలా కాస్తాయి. ఆకు ముదిరితే పురుగు దాని జోలికి రాదు, కాబట్టి మనం కాపాడాల్సింది ఆ లేత రోజులే. మిగతా మూడింటి మొవ్వు ఉబ్బుతోందేమో రోజూ చూడండి, ఉబ్బగానే దోమతెర గుడ్డ వదులుగా కట్టి, ఆకు గట్టిపడ్డాక విప్పేయండి. మోడైన ఈనెలు పచ్చగా ఉన్నంతకాలం కోయొద్దు, చెట్టుకు అవి ఇంకా పనికొస్తాయి.

రిటైర్డ్_లెక్చరర్

బాబూ, అద్దాల గది చలి దేశాల వాళ్ళు వేడిని పట్టి ఉంచుకోవడానికి కట్టుకున్నది, మన ఊళ్ళో దానితో పని పూర్తిగా తలకిందులు. పై కిటికీలు రాత్రి కూడా మూయొద్దు. షేడ్ నెట్ లోపల కట్టి ఉంటే ఇవాళే తీసి అద్దం పైన, బయట పరిపించు, ఎందుకంటే ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక నెట్ నీడైతే ఇస్తుంది గానీ వేడి గదిలోనే ఉండిపోతుంది. పదకొండింటికోసారి, రెండింటికోసారి ఆకుల మీద కాకుండా నేల మీద నీళ్ళు కొట్టించు, ఫెర్న్‌కు కావాల్సింది ఆ తేమే. ఇంకొకటి, ఎండలో పడున్న పైపులో నీళ్ళు సలసల కాగి ఉంటాయి, మొదటి రెండు బకెట్లు పక్కన పారబోయకుండా కుండీకి పెట్టావంటే వేర్లు ఉడికిపోతాయి. నా సర్వీసులో ఒక మంచి ఆర్కిడ్ వరస మొత్తం అలాగే పోగొట్టుకున్నాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఎర్రచందనం ఏటా ఈ రోజుల్లో ఆకు రాలుస్తుంది, ఎండల్లో కొత్త ఆకు, పసుపు పూలు వస్తాయి. కొమ్మ మీద గోటితో కాస్త గీకి చూడు, బెరడు కింద పచ్చగా ఉంటే బతికున్నట్టే. చుట్టూ రెక్క ఉన్న గుండ్రటి ఎండు కాయలు కింద పడుంటే ఏరిపెట్టుకో, మొలక తక్కువే గానీ నానబెట్టి వేస్తే కొన్నైనా వస్తాయి.

చిత్తూరు_నర్సరీ

కుండీల సంగతి మర్చిపోయాను. శివరాత్రి లోపల ముగించేయండి, ఉగాదికి ఎండ ముదిరిపోతుంది, కొత్త వేరు పట్టేలోపే మొక్క సోలిపోతుంది. వేర్లు కుండీ అడుగున చుట్టలు తిరిగినవి మాత్రమే మార్చండి, చిగురేస్తున్న సైకస్‌ను కదిలించొద్దు. అన్నట్టు మీ నాలుగు సైకస్‌లలో మన శేషాచలం కొండల రకం, పేరిత ఏమైనా ఉందా? అది ప్రపంచంలో ఈ కొండల చుట్టుపక్కలే సహజంగా పెరుగుతుంది, అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైట్స్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది. ఉంటే ముందు దోమతెర దానికి కట్టండి.

తోటపని_తిరుపతి

ఒకటి పేరితే సార్, పాత రిజిస్టర్‌లో రాసుంది. ఇంకా చిగురెయ్యలేదు, గుడ్డ తెచ్చి పెట్టుకున్నాను. నెట్ పైకి మార్పించాం, నిన్న రెండింటికి 36 ఉంది. ఇందాకే ఎర్రచందనం కొమ్మ గీకాను, బెరడు కింద పచ్చగా, తడిగా ఉంది.