వకరెమె: విడిపోదామా, విడిపోయే చోటా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను టోక్యోలో నిషికసాయి దగ్గర ఉంటాను. మా పేటలో సాయంత్రాలు జపనీస్ నేర్పే తరగతికి రెండేళ్లుగా వెళ్తున్నాను. ఈ మార్చితో అది అయిపోతుంది. ఇక్కడ బడులన్నీ మార్చిలో ముగిసి ఏప్రిల్‌లో మళ్లీ మొదలవుతాయి కాబట్టి ఇప్పుడు ఎటు చూసినా వీడ్కోళ్ల సందడే. మా తరగతి వాళ్లం ఏడుగురం కరావోకే గది ఒకటి తీసుకుని, తలా ఒక వీడ్కోలు పాట పాడాలని అనుకున్నాం.

నేను పాత పాట ఎంచుకున్నాను: 'అఒగెబ తోతొషి'. 1884లో బడిపిల్లల పాటల సంకలనంలో అచ్చయినది. నెమ్మదిగా సాగుతుంది, పెద్దగా ఎగుడుదిగుడులు లేవు, నా గొంతుకు సరిపోతుంది. చిక్కల్లా మొదటి చరణం చివరి పాదంతోనే వచ్చింది.

ఇమ కొసొ వకరెమె, ఇజ సరబ

నా పక్కన కూర్చునే వియత్నాం అమ్మాయి 'వకరెమె' అంటే దారులు చీలే చోటు అంది. ఆఫీసులో నా పక్క బల్ల ఆయన పుట్టి పెరిగింది జపాన్‌లోనే, ఆయనా అదే అన్నారు. మా పంతులమ్మగారు మాత్రం నవ్వి, "అది నామవాచకం కాదు, పాత వ్యాకరణం తిరగెయ్యండి" అని వదిలేశారు. అర్థం తెలియకుండా పాడటం నాకు ఇష్టం లేదు. ఈ పాదాన్ని తెలుగులో ఎలా చెప్పుకోవచ్చు?

జవాబు

అమ్మా, మీ పంతులమ్మగారి మాటే ఖాయం. అలాగని మీ ఆఫీసు ఆయనను తక్కువగా చూడకండి. ఆ పాట పాడుతూ పెరిగినవాళ్లలో చాలామంది అలాగే అనుకుంటారు. ఇప్పటి భాషలో 'వకరెమె' అనే నామవాచకం నిజంగానే ఉంది. 'మె' అంటే కన్ను. గుడ్డకు కుట్టు పడిన చోటును, కాగితానికి మడత పడిన చోటును చెప్పడానికి కూడా ఆ 'మె'నే చివర తగిలిస్తారు. విడిపోవడానికి 'మె' తగిలిస్తే విడిపోయే చోటు. చెవికి అందే అర్థం అదే.

పాటలోని 'మె'కు ఆ కన్నుతో చుట్టరికం లేదు. ఇది 'ము' అనే పాత ప్రత్యయం. చేస్తాను, చేద్దాం అనే సంకల్పాన్ని చెబుతుంది. మామూలుగా అయితే 'వకరెము' అని ముగియాలి. దాన్ని 'మె'గా మార్చింది ముందు వచ్చిన 'కొసొ'. ఇమ అంటే ఇప్పుడు, ఇమ కొసొ అంటే ఇప్పుడే. మన ఏకారం చేసే పనే. అయితే పాత జపనీస్‌లో వాక్యం నడుమ 'కొసొ' పడిందంటే, చివరి క్రియ తన మామూలు రూపం విడిచి ఇంకో రూపం ఎత్తాలి. ఈ పద్ధతికి 'కకరి ముసుబి' అని పేరు. ముసుబి అంటే ముడి. మొదట తగిలించిన కొక్కేనికి చివర వేసే ముడి అనుకోండి. మనం 'ఒకవేళ' అని ఎత్తుకుంటే వినేవాళ్లు 'వస్తే'నో 'పోతే'నో ఎప్పుడొస్తుందా అని చూస్తారు, కొంతవరకు అలాంటిది. పూర్తిగా అదే కాదు. మన దగ్గర తోడును అడిగేది అర్థం, వాళ్ల దగ్గర వ్యాకరణమే దాన్ని విధించింది. ఆ విధి ఎప్పుడో కాలం చేసింది. ముడి మాత్రం ఈ పాటలో మిగిలిపోయింది, విప్పి చూసేవాళ్లు తక్కువ.

కాబట్టి పాదానికి అర్థం 'ఇప్పుడే విడిపోదాం'. దీనికి తెలుగు ఎంత చక్కగా అమరిందో చూడండి. 'దాం'లో మీరూ ఉన్నారు, ఎదుటివాళ్లూ ఉన్నారు, నిర్ణయమూ ఉంది. విడిపోయే చోటు అంటే దారే మనల్ని విడదీసింది. విడిపోదాం అంటే మనసు ఒప్పుకోకపోయినా మనమే లేచి నిలబడ్డాం. నా మటుకు నాకు పాట బరువంతా ఆ 'దాం' మీదే ఉందనిపిస్తుంది.

ఇక 'ఇజ సరబ'. 'ఇజ' అంటే 'ఊఁ, పదండి'. 'సరబ' అసలు 'స అరబ', అంటే 'అలా అయితే'. మనందరికీ తెలిసిన 'సయోనర' కూడా 'సయో నరబ' నుంచి వచ్చిందే, అర్థమూ అదే. మనం కూడా గుమ్మం దగ్గర 'సరే మరి', 'అయితే ఉంటాను' అంటాం. కానీ అంతటితో వదలం, 'వెళ్లొస్తాను' అని తిరిగి రావడాన్ని కూడా అందులోనే కలిపేస్తాం. పోతాను అంటే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. 'సరబ'లో తిరిగి రావడం ఊసే లేదు. అందుకే అక్కడ 'వెళ్లొస్తాం' అని పెట్టకండి. 'ఇప్పుడే విడిపోదాం, ఇక సెలవు' అంటే చాలు.

మరో సభ్యురాలు

మాస్టారూ, మొదటి పాదం వదిలేశారు, అసలు తమాషా అక్కడ ఉంది. 'అఒగెబ తోతొషి, వగ షి నొ ఒన్'. తలెత్తి చూస్తే పూజ్యమైనది మా గురువుల ఋణం. 'వగ షి' అంటే మా గురువు. రెంటినీ కలిపి 'వగషి' అంటే అక్కడి సంప్రదాయ మిఠాయి. పిల్లలు మిఠాయి ఋణం అనుకుని పాడతారని జపాన్‌లో పాత హాస్యం. నవ్వడానికి నాకు అర్హత లేదు. జాతీయగీతంలో 'జాగే' అంటే ఇంటి జాగా అని నేను నాలుగో తరగతి దాకా నమ్మాను.

మూడో పాదమూ అంతే. 'ఒమొఎబ ఇతొ తొషి, కొనొ తొషిత్సుకి'. తలుచుకుంటే ఎంత వేగం, ఈ ఏళ్లూ నెలలూ. 'ఇతొ తొషి' అంటే చాలా వేగం. ఒక్క 'తొ' మింగేస్తే 'ఇతొషి', అంటే ముద్దొచ్చేది. ఏళ్లు ముద్దొస్తున్నాయని పాడినా పాట చెడదు, అది వేరే విషయం. అడిగినావిడకు ఒక్క మాట: 'ఒన్'ను దయ అనకండి. దయ పుచ్చుకుని ఊరుకోవచ్చు. ఒన్ తీర్చుకోవలసినది, కాబట్టి మన ఋణమే.

జవాబు

అమ్మా, ఋణం మాట నూటికి నూరుపాళ్లు నిజం. పాట సంగతి ఎత్తారు కాబట్టి ఇంకొకటి. ఆ బాణీ ఎక్కడి నుంచి వచ్చిందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 2011లో సకురాయ్ మసతొ అనే పరిశోధకుడు, 1871లో అమెరికాలో అచ్చయిన ఒక పాటల పుస్తకంలో దాన్ని పట్టుకున్నారు. అదీ బడి ముగింపు పాటే.

మొదట అడిగిన అమ్మాయి పాట మార్చుకునేటట్లయితే, భాషాప్రియులకు 'హొతరు నొ హికరి' ఇంకా పెద్ద విందు. 1881 నాటి సంకలనంలోది, మాటలు ఇనగకి చికయివి, బాణీ స్కాట్లండ్‌ది. పేరుకు అర్థం మిణుగురుల వెలుగు. దీపానికి నూనె కొనలేక ఒకరు మిణుగురుల వెలుగులో, ఇంకొకరు కిటికీ బయటి మంచు వెలుగులో చదువుకున్నారన్న పాత చైనా కథ దీనికి మూలం. మన దగ్గర వీధి దీపం కింద చదువుకుని పైకొచ్చారంటామే, ఆ గోత్రమే. అందులో ఈ రెండు పాదాలు చూడండి:

ఇత్సుషిక తొషి మొ సుగి నొ తొ ఒ
అకెతె జొ కెస వ వకరెయుకు

'తొషి మొ సుగి' దాకా చదివితే ఏడాది గడిచింది. 'సుగి నొ తొ' అని చదివితే సుగి చెక్కతో చేసిన తలుపు. సుగి అక్కడ పొడవుగా, నిటారుగా పెరిగే చెట్టు. అదే మాట మొదటి సగానికి క్రియ, రెండో సగానికి చెట్టు. ఆ వెంటనే 'అకెతె'. తలుపు తెరవడమూ అదే, తెల్లవారడమూ అదే. తెలియకుండానే ఏడాది గడిచి, సుగి తలుపు తెరిచి, తెల్లవారి, ఈ ఉదయం విడిపోతున్నాం. దీన్ని వాళ్లు 'కకెకొతొబ' అంటారు, మనం శ్లేష అంటాం. ద్వ్యర్థి కావ్యాలు రాసుకున్న భాష మనది, ఈ మాత్రానికి బెదరం. కానీ బడిపిల్లల పాటలో దీన్ని ఇమిడ్చిన నేర్పుకు దండం పెట్టాలి. ఇందులో 'జొ' కూడా 'కొసొ' లాంటి కొక్కెమే. చివరి 'యుకు'కు మామూలు రూపమూ, కొక్కెం కోరే రూపమూ ఒకేలా ఉంటాయి కాబట్టి ముడి కంటికి కనబడదు.

అడిగిన వ్యక్తి

మాస్టారూ, ఆ పాట నాకూ ఇష్టమే, కానీ ఒక ఇబ్బంది ఉంది. ఇక్కడ దుకాణాలు మూసే వేళకు ఆ బాణీనే వేస్తారు, ఎక్కువగా తిశ్ర నడకలోకి మార్చిన వాల్ట్జ్. అది వినగానే జనం బుట్టలు పట్టుకుని డబ్బు కట్టే చోటికి నడుస్తారు. నేను పాడితే మావాళ్లు కోట్లు తొడుక్కుంటారేమో.

మిగతావాళ్ల ఎంపికలు తెలిశాయి. ఒకరు 1979 నాటి 'ఒకురు కొతొబ'. ఒకరు 'సంగత్సు కొకొనొక', అంటే మార్చి 9. 2004లో వచ్చింది, ముందు స్నేహితుల్లో ఒకరి పెళ్లి కోసం కట్టిన పాట, నెల మార్చి కావడంతో బడులు సొంతం చేసుకున్నాయి. మా పంతులమ్మగారిది 'తబిదచి నొ హి ని'. 1991లో చిచిబు పట్టణంలో ఒక బడి ప్రధానోపాధ్యాయుడు మాటలు రాస్తే, అక్కడి సంగీతం పంతులమ్మ బాణీ కట్టారు.

'ఒకురు కొతొబ'ను 'ఇచ్చే మాట' అని తెలుగు చేసి నాలుక కరుచుకున్నాను, అది కాస్తా ప్రమాణమైపోయింది! కానుకగా ఇవ్వడమూ 'ఒకురు'నే, సాగనంపడమూ 'ఒకురు'నే. పేరులో రాసింది కానుక అక్షరం. వినేటప్పుడు రెండూ వినిపిస్తాయి. 'వీడ్కోలు మాట' అంటే కానుక పోతుంది, 'కానుక మాట' అంటే తెలుగు పోతుంది. ఎవరికైనా మంచి మాట తడితే చెప్పండి.

మరో సభ్యురాలు

'సాగనంపు మాట'. కానుక పోయింది, నిజమే. మాట మాత్రం మనదే.

అడిగిన వ్యక్తి

నిన్న వెళ్లాం. నేను పాత పాటే పాడాను. తెర మీద అక్షరాలకు రంగు ఎక్కుతూ వస్తుంటే 'వకరెమె' దగ్గర కళ్లు పెద్దవి చేసుకుని చూశాను. 'వకరె'కు చైనా అక్షరం ఉంది, 'మె' మాత్రం శబ్దాన్ని మాత్రమే రాసే 'కన' లిపిలో, ఒంటరిగా ఉంది. కన్ను అక్షరం కాదు. వియత్నాం అమ్మాయికి వేలుపెట్టి చూపించాను. తను నవ్వి, మైకు లాక్కుని ఆ పాదం మళ్లీ పాడింది. పంతులమ్మగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

అప్పుడే గోడకున్న ఫోను మోగింది. ఇంకో పది నిమిషాల్లో సమయం అయిపోతుందని కింది నుంచి కబురు. 'ఇప్పుడే విడిపోదాం' అని రెండుసార్లు పాడిన మేమే, మరో అరగంట పొడిగించమని చెప్పాం.