ఎల్గందల్ జిల్లా కాగితం, కోల్సావాడి ఇల్లు: పాత పటాల్లో మా పూర్వీకుల ఊరిని గుర్తించడం ఎలా?

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి)

నమస్కారం. మా ముత్తాతగారు ఏ ఊరి నుంచి హైదరాబాదుకు వచ్చారో, ఇక్కడ ఎక్కడ కాపురం ఉన్నారో పటాల సాయంతో తెలుసుకోవాలని ఏడాదిగా ప్రయత్నిస్తున్నాను. నా చేతిలో ఉన్న ఆధారం ఒకే ఒక్క కాగితం, ఉర్దూలో రాసిన భూమి అమ్మకం పత్రం. మా వీధిలోని ఒక పెద్దాయన చదివి చెప్పినదాని ప్రకారం అందులో ఆజర్ నెల, ఫసలీ 1314 అని, ఎల్గందల్ జిల్లా అని ఉన్నది. దాని కింద ఊరి పేరు మూడు మాటలుగా ఉన్నది. మొదటి మాట మా ఇంటిపేరే కాబట్టి దానిని ఇక్కడ రాయడం లేదు. ఆ పేరుతో ఫోనులోని పటంలో ఎంత వెతికినా కరీంనగర్ చుట్టుపక్కల ఏ ఊరూ కనిపించడం లేదు.

నగరానికి వచ్చాక మావాళ్లు మూసీ దగ్గర కోల్సావాడిలో ఉండేవారనీ, 1908 వరదలో ఇల్లు కొట్టుకుపోయిందనీ మా నాయనమ్మ చెప్పేది. ఆమె ఇప్పుడు లేదు. ఆ ఇంటి జాడ ఏ పటంలోనైనా మిగిలి ఉంటుందా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (విశ్రాంత సర్వేయరు, వనస్థలిపురం)

ముందుగా తేదీ సంగతి తేల్చుకుందాం. నిజాం రాజ్యంలో రెవెన్యూ లెక్కలకు వాడిన ఫసలీ సంవత్సరం ఆజర్ నెలతో, అంటే అక్టోబరులో మొదలయ్యేది. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే డిసెంబరు వరకైతే ఫసలీకి 590, జనవరి తర్వాతైతే 591 కలపాలి. కాబట్టి మీ కాగితం 1904 చివరిది. ఇది ముఖ్యం, ఎందుకంటే మరుసటి ఏడాది, 1905లో, జిల్లాలను మార్చినప్పుడు ఎల్గందల్ పేరు పోయి కరీంనగర్ జిల్లా అయింది. అప్పుడు చెన్నూరు, లక్షెట్టిపేట ఆదిలాబాదులోకి, సిద్దిపేట మెదక్‌లోకి వెళ్లాయి. మీరు కరీంనగర్ చుట్టుపక్కలే వెతుకుతున్నారు కానీ మీ ఊరు ఇవాళ మంచిర్యాల జిల్లాలోనో సిద్దిపేట జిల్లాలోనో ఉండవచ్చు.

ఇక పేరు కనిపించకపోవడానికి మా శాఖలో అందరికీ తెలిసిన కారణం ఒకటున్నది. రెవెన్యూ లెక్కలో గ్రామం వేరు, జనం ఉండే ఊరు వేరు. జనం మొత్తం వెళ్లిపోయిన గ్రామాన్ని బేచిరాగ్ అంటారు, అంటే దీపం లేనిది. అక్కడ ఒక్క ఇల్లూ ఉండదు, అయినా గ్రామ నక్షా (పటం), సర్వే నంబర్లు, శివారు హద్దులు అలాగే ఉంటాయి. ఫోనులోని పటం ఇళ్లున్న చోట్లకే పేరు పెడుతుంది కాబట్టి అందులో అది కనబడకపోవచ్చు.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు అలాంటి ఒక గ్రామానికి హద్దులు చూడడానికి వెళ్లాను. పత్తి చేలో ఒక హనుమంతుడి రాయి, పూడిపోయిన బావి, వాటి చుట్టూ రెండెకరాల మేర నేల బూడిదరంగులో ఉన్నది. నాగలి పోయిన చోటల్లా కుండపెంకులు తేలాయి. పక్క ఊరి రైతులు దానిని పాటిచేను అంటున్నారు. పాటిమన్ను ఎరువుగా తోలుకుపోవడం వల్ల దిబ్బ చాలావరకు చదునైపోయింది. మీ ఊరు కూడా అలాంటిదే అయితే దానిని చూపించగలిగేది పక్క గ్రామాల నక్షాలే, ఎందుకంటే ప్రతి నక్షాలోనూ అంచుల వెంట హద్దు గ్రామాల పేర్లు రాస్తారు.

పత్రంలోని పేరును అక్షరం అక్షరం మళ్లీ చదివించండి. కలాన్, ఖుర్ద్ అంటే పెద్ద, చిన్న. మజరా అంటే మరో గ్రామానికి చెందిన శివారు పల్లె. ఇవి అసలు పేరుకు చేర్చే మాటలు, కానీ ఊరిని పట్టిచ్చేవి ఇవే. ఆ తర్వాత సేత్వార్ (సర్వే నాటి భూముల రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహణీ (ఏ భూమి ఎవరి స్వాధీనంలో ఉన్నదో రాసిన లెక్క) నకళ్ల కోసం దరఖాస్తు చేయండి. సర్వే ఆఫ్ ఇండియా అంగుళానికి మైలు పాత షీట్లలో కరీంనగర్ పట్టణం 56 ఎన్‌లో వస్తుంది. మానేరు మీద డ్యామ్ కట్టకముందు నాటి షీటు దొరికితే మునిగిన పల్లెలు కూడా కనిపిస్తాయి.

జవాబు (పాత నగరపు ఇళ్ల మీద పనిచేసే ఆర్కిటెక్టు)

కోల్సావాడి విషయంలో మీకు ఆశ పెట్టి నిరాశ కలిగించడం నాకు ఇష్టం లేదు. నగరానికి అతి వివరమైన పాత సర్వే లియోనార్డ్ మున్ అనే అధికారి చేయించినది. అంగుళానికి 50 అడుగుల స్కేలులో గల్లీలు, గోడలు, ఇళ్ల ఆకారాలు విడివిడిగా గీశారు. కానీ అది 1915 నాటికి పూర్తయినది, వరద వచ్చినది 1908 సెప్టెంబరు 28న. అంటే కొట్టుకుపోయిన ఇల్లు అందులో ఉండదు, ఆ చోటు ఖాళీగానో కొత్త కట్టడంతోనో ఉంటుంది. అయితే వరద తాకని పక్క సందులు అలాగే ఉంటాయి. ఇల్లు ఏ మసీదుకు ఎటువైపు, ఏ బావికి ఎంత దూరం అని నాయనమ్మగారు ఎప్పుడైనా అన్న మాట మీ ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే, ఆ సందులను పట్టుకుని ఇంటి స్థలాన్ని వంద అడుగుల తేడాలో గుర్తించవచ్చు. మీ మేనత్తలు ఉంటే ఈ వారమే అడిగి రాసుకోండి, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ తర్వాతైనా చూడవచ్చు.

జవాబు (నల్లకుంట నుంచి)

ఒక్క జాగ్రత్త చెబుతాను. ఇంటిపేరే ఊరి పేరు అయినంత మాత్రాన అక్కడే పుట్టారని కాదు. హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన బూర్గుల రామకృష్ణారావు గారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు, బూర్గుల వారి ఊరు కావడం వల్ల ఆ పేరు వచ్చింది, ఆయన పుట్టింది మాత్రం పడకల్లులో. మీ ముత్తాతగారి కన్నా రెండు తరాల ముందే మీవాళ్లు ఆ ఊరు వదిలి ఉండవచ్చు, అమ్మిన భూమి మరో చోట ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పత్రాన్ని పెద్దాయనకు మళ్లీ చూపించాను. ఊరి పేరులో భాగమని అనుకున్న రెండో మాట మజరా అని ఆయన నిర్ధారించారు. అంటే మా ఇంటిపేరు శివారు పల్లెది, మూడో మాట అసలు గ్రామానిది. ఆ గ్రామం ఇవాళ సిద్దిపేట జిల్లాలో ఉన్నది. దాని నక్షా నకలు కోసం సోమవారం దరఖాస్తు ఇస్తున్నాను. కోల్సావాడి ఇంటి గురించి అడగడానికి ఆదివారం వరంగల్లులో మా మేనత్తగారి దగ్గరకు వెళ్తున్నాను, ఆమెకు తొంభై ఒకటి.