ఇనుము కాలిస్తే బరువు పెరుగుతుందా?

ఇనుప పీచు ముద్దని త్రాసు మీద పెట్టి అంటించాను, ఎర్రటి రవ్వలు పురుగుల్లా లోపలికి పాక్కుంటూ పోయాయి, చల్లారాక చూస్తే బరువు పెరిగింది! కాలితే తగ్గాలి కదా, త్రాసు తప్పా?

— త్రాసు బాగానే ఉందండీ. కట్టె కాలితే వాయువులు ఎగిరిపోతాయి, ఇనుము మాత్రం గాల్లోని ఆక్సిజన్‌ని పట్టుకుని నల్లటి ఆక్సైడ్‌గా అక్కడే ఉండిపోతుంది. 168 గ్రాముల ఇనుముకి 64 గ్రాముల ఆక్సిజన్, మొత్తం 232. మీ పీచు పూర్తిగా కాలి ఉండదు, కాబట్టి అంత పెరగదు.

— మరి నేను మేకుని ఎర్రగా కాల్చి సుత్తితో కొడితే తగ్గిందే?

— నల్ల పెచ్చులు రాలి ఉంటాయి, అవీ ఊడ్చి కలిపి తూచండి. వేడి మీద మాత్రం తూచొద్దు, పైకి లేచే గాలికి త్రాసు తక్కువ చూపిస్తుంది, నేనూ అలాగే బోల్తా పడ్డాను.