షుగర్ పాదానికి డే కేర్‌లో ఏ బ్లాక్: యాంకిలా, పాప్లిటియలా?

ఆర్థో పీజీ, కర్నూలు: షుగర్ పేషెంటు, 60 కేజీలు. రెండో కాలివేలు కుళ్లింది, తీసేయాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ ఆపలేదు, అందుకే వెన్నులో ఇచ్చే మత్తు (స్పైనల్) వద్దనుకున్నాం. సాయంత్రానికే ఆదోని బస్సెక్కుతానంటున్నాడు. చీలమండ దగ్గర నరాలకు మత్తిచ్చే యాంకిల్ బ్లాక్ సరిపోతుందా, మోకాలి వెనక ఇచ్చే పాప్లిటియల్ కావాలా?

మత్తు డాక్టరు, కర్నూలు: యాంకిలే. పాదానికెళ్లే ఐదు నరాల దగ్గరా పొడవనక్కర్లేదు. రెండో వేలికి టిబియల్, డీప్ పెరోనియల్, సూపర్‌ఫిషియల్ పెరోనియల్ చాలు. మూడింటికీ కలిపి 0.5 శాతం బుపివకేన్ (తిమ్మిరి మందు) 15 మి.లీ., అంటే 75 మి.గ్రా. కేజీకి 2 మి.గ్రా. లెక్కన ఈయనకు 120 దాకా హద్దుంది. రక్తనాళాలను ముడిచే అడ్రినలిన్ కలపొద్దు, అసలే రక్తప్రసరణ అంతంత మాత్రం. ఫెయిలైతే ఎక్కువగా టిబియల్ దగ్గరే. లోపలి చీలమండ వెనక నాడి కొట్టుకునే చోటు దొరకబుచ్చుకుని, దానికి కాస్త వెనగ్గా సూది దించాలి. లావు నరం, 20 నిమిషాలు ఆగాలి. సర్జన్లేమో ఐదు నిమిషాలకే బ్లేడు అడుగుతారు.

ఆర్థో సర్జన్, అనంతపురం: ఆగుతాం లెండి. పిక్కకు రక్తం ఆపే పట్టీ (టోర్నికేటు) కడితే ఆ నొప్పికి మీ యాంకిల్ బ్లాక్ ఏం చేస్తుంది? ఎరుపు, వాపు చీలమండ దాకా పాకితే అక్కడ సూది గుచ్చకూడదు, ఇన్ఫెక్షనున్న చోట మందూ సరిగా పట్టదు. పాప్లిటియల్ 20 మి.లీ. వేస్తే రాత్రంతా నొప్పి తెలీదు.

మత్తు డాక్టరు, కర్నూలు: షుగరు వేలికి టోర్నికేటెందుకు సార్? కోసిన అంచున రక్తం ఊరితేనే కదా మాంసం బతికుందని తెలిసేది! వాపు పైకి పాకితే మాత్రం పాప్లిటియలే, ఒప్పుకుంటా. కానీ దాంతో పాదం వేలాడిపోతే (ఫుట్ డ్రాప్) బస్సు మెట్లెలా ఎక్కుతాడు? షుగరు నరాల్లో బ్లాక్ ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. కరెంటుతో నరాన్ని వెతికే స్టిమ్యులేటరొక్కదాన్నే నమ్మొద్దు. దెబ్బతిన్న నరం తక్కువ కరెంటుకు పలకదు, సూది నరంలోకే దిగినా పాదం కదలకపోవచ్చు. అల్ట్రాసౌండ్ లేకపోతే ఈయనకు పాప్లిటియల్ జోలికే పోను.

ఓటీ టెక్నీషియన్, కడప: ఏ బ్లాకైనా, మందు రక్తంలోకెక్కి విషమైతే విరుగుడుగా 20 శాతం లిపిడ్ (కొవ్వు ద్రావణం) చేతికందేలా పెట్టండి. 60 కేజీలకు మొదటి డోసే 90 మి.లీ., ఆపైన నిమిషానికి 15. 100 మి.లీ. సీసా ఒక్కటి పెట్టుకుంటే మొదటి డోసుకే దాదాపు ఖాళీ.

ఆర్థో పీజీ, కర్నూలు: ఎరుపు వేలి మొదలు దాటలేదు. యాంకిలే వేస్తాం. ఇంటికెళ్లేటప్పుడు ఏం చెప్పాలి?

మత్తు డాక్టరు, కర్నూలు: తిమ్మిరి వదలకముందే పారాసిటమాల్ మింగాలి. వేడినీళ్ల కాపడం వద్దే వద్దు, కాలినా తెలీదు. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూడకుండా డైక్లోఫెనాక్ రాయొద్దు.

ఆర్థో సర్జన్, అనంతపురం: బ్లాక్ మీ ఇష్టం. బస్సు మాత్రం వద్దు. క్లోపిడోగ్రెల్ మీదున్నవాడికి దారిలో కట్టు తడిస్తే ఎవరు చూస్తారు? ఆ రాత్రికి కర్నూల్లోనే చుట్టాలింట్లో ఉండమనండి.