చర్చ: మన కళాశాలల ఏఐ శాఖల్లో సగం సీట్లు అమ్మాయిలకు కేటాయిస్తే ఈ రంగంలో ఆడామగల అంతరం తీరుతుందా?

పెన్నా తీరం (నెల్లూరు):

సభ్యులందరికీ నమస్కారం. ఇంజనీరింగ్ ప్రవేశాల వేళ మా వీధిలోని తల్లిదండ్రుల మధ్య నడిచిన వాదన ఒకటి ఇక్కడ చర్చకు పెడుతున్నాను. ప్రపంచ ఆర్థిక వేదిక 2018లో వెలువరించిన నివేదిక ప్రకారం కృత్రిమ మేధ (ఏఐ) రంగంలోని నిపుణుల్లో స్త్రీలు 22 శాతం మాత్రమే. అదే సంస్థ 2023లో ఆ వాటాను సుమారు 30 శాతంగా లెక్కగట్టింది. అయితే 2016తో పోల్చితే పెరిగింది నాలుగు శాతం పాయింట్లేనని ఆ నివేదికే చెప్పింది (అంటే ఆ లెక్కలో 2016లోనే వాటా సుమారు 26 శాతం) కాబట్టి, 22కూ 30కీ మధ్య తేడాను చూసి పరిస్థితి వేగంగా మారిపోతోందని సంతోషించడానికి లేదు.

నా ప్రతిపాదన ఇది. మన రాష్ట్రంలో వృత్తివిద్యా ప్రవేశాల్లో అమ్మాయిలకు ఇప్పటికే మూడో వంతు సీట్లు సమాంతర రిజర్వేషన్‌గా, అంటే ప్రతి వర్గం సీట్ల లోపలే, ఉన్నాయి. ఏఐ శాఖల వరకు దాన్ని సగానికి పెంచాలి. ఐఐటీలు 2018 నుంచి అమ్మాయిల కోసం అదనపు సీట్లు సృష్టించి, అంతకుముందు పదో వంతుకు అటూఇటూగా ఉన్న వాటాను 2020 నాటికి ఇరవై శాతానికి చేర్చే లక్ష్యం పెట్టుకున్నాయి. అక్కడ సాధ్యమైనది నెల్లూరు, ఒంగోలు కళాశాలల్లో ఎందుకు సాధ్యం కాదు?

గుండ్లకమ్మ (ఒంగోలు, ప్రస్తుతం బెంగళూరు):

పెన్నా తీరం గారి ఉద్దేశం మంచిదే గాని, మందు వేయవలసిన చోటు అది కాదని నా అభిప్రాయం. ఐఐటీల సమస్య ప్రవేశద్వారం దగ్గర ఉంది. ఆ పరీక్షకు ఏళ్ల తరబడి కోచింగ్ కావాలి, దానికి పిల్లను దూరం పంపాలి, అంత ఖర్చూ ఆమె మీద పెట్టాలి. మన దగ్గర ఆ పరిస్థితి లేదు. పదో తరగతి మార్కుల మీద ప్రవేశాలిచ్చే ట్రిపుల్ ఐటీల జాబితాలు చూడండి, అమ్మాయిలు సగానికి తగ్గకుండా కనిపిస్తారు. మామూలు కళాశాలల్లో కంప్యూటర్ శాఖలు కూడా అమ్మాయిలతో నిండే ఉన్నాయి. నిండిన తరగతికి మళ్లీ కోటా పెట్టడం వల్ల జరిగేదేమిటంటే, సొంత ర్యాంకుతో వచ్చిన పిల్లను కూడా రేపు ఇంటర్వ్యూలో కోటా పిల్లగా చూస్తారు.

నేను పనిచేసే చోట మోడళ్లు, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ఏఐ ప్రోగ్రాములు, తయారుచేసే జట్టులో ఆడవాళ్లు చాలా తక్కువ, వాటిని పరీక్షించే జట్టులో ఎక్కువ. ఇద్దరూ చదివినది ఒకే డిగ్రీ. ఆ రెండు జట్లుగా విడిపోవడం సీటు దగ్గర జరగలేదు, ఆ తరువాత ఎక్కడో జరిగింది. ఆ చోటు తేలకుండా శాతాలు మార్చడం వృథా.

కావలి అధ్యాపకురాలు:

గుండ్లకమ్మ గారు ‘ఎక్కడో’ అని వదిలేసిన చోటు నాకు రోజూ కనిపిస్తుంది. నేను బోధించే కళాశాలలో సాయంత్రం నాలుగున్నరకు బస్సులు బయలుదేరతాయి. ఆడపిల్లల హాస్టల్ గేటు ఆరున్నరకు మూస్తారు, మగపిల్లల గేటు తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది. ల్యాబ్‌లో ఏఐ మోడళ్లకు శిక్షణ ఇవ్వడానికి కావలసిన జీపీయూ కార్డులున్న యంత్రాలు మూడే. పగటిపూట వాటి మీద తరగతులు నడుస్తాయి, సొంత ప్రాజెక్టులకు దొరికేది ఐదు దాటిన తరువాతే. ల్యాబ్ రిజిస్టరు తీసి చూస్తే, ఐదు దాటాక సంతకాలన్నీ అబ్బాయిలవే. తరగతిలో మొదటి పది ర్యాంకుల్లో మాత్రం అమ్మాయిలే ఎక్కువ.

మా చివరి సంవత్సరం విద్యార్థిని ఒకామె చేతిరాత తెలుగు అక్షరాలను గుర్తించే మోడల్ తయారుచేస్తోంది. విరామంలో యంత్రం దొరికించుకొని శిక్షణ మొదలుపెట్టి, బస్సు వేళకు దాన్ని అలాగే నడవనిచ్చి వెళ్లిపోయేది. తరువాత వచ్చినవారు తమ పని కోసం దాన్ని ఆపేసేవారు. మరుసటి రోజు ఉదయం మళ్లీ మొదటి నుంచి. మధ్యమధ్య ఎక్కడిదాకా వచ్చిందో భద్రపరచుకోవడం ఆమెకు నేర్పించాం, అది పనికొచ్చింది. కానీ ఫలితం వంకరగా వస్తున్నప్పుడు పక్కనే కూర్చొని ఎందుకు వస్తున్నదో వెతికే రెండు మూడు గంటలు ఆమెకు ఎప్పుడూ దొరకలేదు. ఈ విద్య వంటబట్టేది ఆ గంటల్లోనే. తెలియనిది పక్క యంత్రం దగ్గరి సీనియర్‌ను అడిగి తెలుసుకునేదీ అప్పుడే. క్యాంపస్ ఇంటర్వ్యూలో ‘నువ్వు సొంతంగా ఏం చేశావు?’ అని అడిగినప్పుడు అబ్బాయిలు ధైర్యంగా చెప్పేది ఆ గంటల గురించే. గుండ్లకమ్మ గారి కార్యాలయంలో కనిపించే రెండు జట్లు మా ల్యాబ్‌లో ఐదు గంటలకే ఏర్పడుతున్నాయి.

ఇది మార్చలేనిది కాదని చెప్పడానికి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఉదాహరణ ఉంది. అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో చేరే అమ్మాయిలు 1995లో 7 శాతం, 2000లో 42 శాతం. కోటా లేకుండా, పాఠాల కాఠిన్యం తగ్గించకుండా సాధించారు. ప్రవేశాల్లో ముందే ప్రోగ్రామింగ్ వచ్చినవారికి ఇచ్చే ప్రాధాన్యాన్ని తగ్గించారు. మొదటి ఏడాదిలో అనుభవం ఉన్నవారికి ఒక దారి, లేనివారికి ఒక దారి పెట్టి, కొన్నాళ్లకు ఇద్దరినీ ఒకే చోటికి చేర్చారు. ఇంట్లో కంప్యూటర్ తనదిగా పెరిగిన అబ్బాయి ముందు నోరు విప్పడానికి జంకే పిల్లకు తన తెలివి తక్కువ కాదని, చేతి అలవాటే తక్కువని అర్థమైంది. ఆ మార్పు మొదలైన కాలంలో, అంటే 1991 నుంచి 1999 వరకు, ఆ విభాగానికి డీన్‌గా ఉన్నవారు మన పొరుగున అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. యంత్రాలకు మాట వినడం నేర్పినవారిలో ఒకరు, పెద్ద ఎత్తున కృత్రిమ మేధ వ్యవస్థలు నిర్మించిన కృషికి 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్నవారు. తరువాత ట్రిపుల్ ఐటీల విశ్వవిద్యాలయానికి కులపతిగా కూడా వ్యవహరించారు.

బుచ్చిరెడ్డిపాళెం రైతు:

అమ్మా, మీరు చెప్పింది శ్రద్ధగా చదివాను. నేను ఇద్దరు ఆడపిల్లల తండ్రిని, పెద్దమ్మాయి ఏఐ శాఖలోనే చదువుతోంది. ప్రభుత్వం ఆడపిల్లలకిచ్చే ప్రగతి ఉపకారవేతనం ఏడాదికి యాభై వేలు రావడం వల్లనే ఆ శాఖలో చేర్చడానికి ధైర్యం చేశాను. గేటు ఆరున్నరకు మూయడాన్ని మీరు తప్పుగా చూస్తున్నారు గాని, ఆ గేటు చూసే నేను పిల్లను హాస్టల్‌లో పెట్టాను. మెయిన్ రోడ్డు మీద బస్సు దిగాక మా ఊరికి నడవాల్సిన దారిలో లైట్లు లేవు. ఏదైనా జరిగితే ఊరు పిల్లనే అంటుంది, చదువు మాన్పించమని మా వాళ్లే వచ్చి చెబుతారు. అబ్బాయిలకు తొమ్మిది, అమ్మాయిలకు ఆరున్నర అన్నది న్యాయం కాదని నాకూ తెలుసు. ఆ న్యాయం నా బిడ్డతో మొదలుపెట్టమంటే మాత్రం నాకు భయం వేస్తుంది.

టంగుటూరు అమ్మాయి:

పెద్దలకు నమస్కారం. ఈ రంగంలో ఆడవాళ్లు ముప్పై శాతమే అన్నప్పుడు నాలాంటివారిని లెక్కలో వేసి ఉండరని అనుకుంటున్నాను. నేను డిగ్రీ చదివి, ఇంటి దగ్గరే, ఏఐ యంత్రాలకు నేర్పడానికి వాడే ఫోటోలకు గుర్తులు పెట్టే పని చేస్తున్నాను. ఈ మధ్య వచ్చిన పని పొగాకు ఆకుల ఫోటోలు చూసి గ్రేడు గుర్తించడం. మా అమ్మ ఏళ్ల తరబడి ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర గ్రేడింగ్ కూలీగా చేస్తోంది. ఆకు చేతికి తీసుకుంటే రంగు, మచ్చ, మాడిన అంచు చూస్తుంది, వేళ్ల మధ్య నలిపి పదును (ఆకులోని తేమ) తెలుసుకుంటుంది, అప్పుడు గాని ఏ కట్టలో వేయాలో తేల్చదు. మాకిచ్చిన నియమావళిలో రంగు ఒక్కటే ఉంది. పదును ఫోటోలో కనిపించదు. సందేహం వచ్చిన ఫోటోలు అమ్మకు చూపించేదాన్ని. ‘ఈ ఆకు పట్టుకోకుండా చెప్పకూడదు’ అనేది. ఆ మాట పైవారికి రాసి పంపితే, నియమావళి ప్రకారమే చేయమన్నారు. వారి జవాబుతో నా గుర్తు కలవకపోతే ఆ ఫోటోకు డబ్బు రాదు.

వేలం కేంద్రానికి బేళ్లు చేరేలోపు ఆకులు వేరుచేసే పని మా ప్రాంతంలో ఎక్కువగా ఆడవాళ్లదే. ఆ పని యంత్రానికి నేర్పాలనుకున్నప్పుడు ఏమేమి గమనించాలో వాళ్లను ఎవరూ అడగలేదు. సీట్లు పెరిగితే నాకు సంతోషమే. అయితే గుర్తుల జాబితా రాసేవారికీ గుర్తులు పెట్టేవారికీ మధ్య ఉన్న దూరం గురించి కూడా ఇక్కడ మాట్లాడాలని నా విన్నపం.

గుండ్లకమ్మ:

చెల్లెమ్మ రాసినది విలువైన విషయం. అయితే అది పని తెలిసినవారిని అడగకపోవడం వల్ల వచ్చిన లోపం, మా కంపెనీల్లో మగ నిపుణులనూ అడగరు. యంత్రం తప్పు చేస్తోందా అన్నది కొలిస్తే తెలుస్తుంది, కొలిచేవారు ఆడవారా మగవారా అన్నదానితో కొలతకు సంబంధం లేదు.

ఇక ఉద్యోగాల దగ్గర అసలు చిక్కు వేరే ఉంది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలయింది. ఆ జీతమంతా యజమానే భరించాలి. పెద్ద కంపెనీ తట్టుకుంటుంది, పదిహేను మందితో నడిచే చిన్న ఏఐ కంపెనీ మాత్రం పైకి చెప్పకుండానే పెళ్లికాని అమ్మాయిల దరఖాస్తులు పక్కన పెడుతుంది. ఆ భారంలో కొంత ప్రభుత్వం పంచుకుంటే వచ్చే మేలు సీట్ల కోటాతో రాదు.

కావలి అధ్యాపకురాలు:

ప్రసూతి జీతం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కొలతల విషయంలో ఏకీభవించలేను. కొలిస్తే తెలుస్తుంది నిజమే, కానీ దేన్ని కొలవాలని ఎవరికి తోస్తుంది? ముఖం చూసి స్త్రీయో పురుషుడో చెప్పే పెద్ద కంపెనీల వ్యవస్థలను 2018లో పరీక్షించి, తెల్లని పురుషుల విషయంలో ఒక శాతం లోపే ఉన్న తప్పు నల్లని స్త్రీల దగ్గరకు వచ్చేసరికి ఒక వ్యవస్థలో 34.7 శాతానికి చేరిందని చూపించినవారు జాయ్ బులామ్వినీ, టిమ్నిట్ గెబ్రూ. ఇద్దరూ నల్లజాతి స్త్రీలే. అంతకుముందు ఒక సాఫ్ట్‌వేర్ తన ముఖాన్ని గుర్తించక, తెల్ల ముసుగు పెట్టుకుంటే గుర్తించిన అనుభవం బులామ్వినీకి ఉంది. ఆ కంపెనీలకు కొలిచే సాధనాలు ముందునుంచీ ఉన్నాయి. రంగు, లింగం రెండింటి ప్రకారం ఒక్కో గుంపును వేరుగా కొలిచి చూడాలన్న ఆలోచన మాత్రం ఆ అనుభవం ఉన్నవారికే కలిగింది.

అమెజాన్ ఉద్యోగ దరఖాస్తులను జల్లెడ పట్టడానికి తయారుచేసిన వ్యవస్థ కథ కూడా 2018లోనే వెలుగులోకి వచ్చింది. అంతకుముందు పదేళ్లలో వచ్చిన దరఖాస్తులు, అందులోనూ ఎక్కువగా మగవారివి, చూపి నేర్పిస్తే అది స్త్రీల సంఘాల ప్రస్తావన ఉన్న దరఖాస్తులకు మార్కులు తగ్గించింది. చివరికి దాన్ని పక్కన పెట్టేశారు. టంగుటూరు అమ్మాయి వాళ్ల అమ్మగారి వేళ్లకు తెలిసిన పదును కూడా ఇటువంటిదే. ఆ ఇంటి పిల్ల నియమావళి రాసే కుర్చీలో ఉంటే ఆ ప్రశ్న మొదటి రోజే వచ్చేది.

పెన్నా తీరం:

నా ప్రతిపాదనను వదులుకోవడం లేదు, ఎందుకంటే సీటు దొరికిన పిల్లకే ల్యాబ్ సమయం సమస్య అవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు దాదాపు 49 శాతం. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లి అయింది. సీటు అనే ఆశ ఇంటర్ చదువుతున్న పిల్ల ఇంట్లో పెళ్లిమాటను నాలుగేళ్లు వాయిదా వేయిస్తుంది. ఆ కోణం నుంచే నేను కోటాను అడుగుతున్నాను.

ఇంకొక మాట. మన జిల్లాలోని దూబగుంటలో 1990ల మొదట్లో రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు చదివిన పాఠం తమ బతుకులోని సారా గురించే కావడం వల్ల, అక్షరం నేర్చుకున్నవారు దుకాణాలు మూయించే దాకా వెళ్లారు, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఏఐ పాఠాల్లో కూడా పొగాకు గ్రేడింగు, రొయ్యల చెరువులో జబ్బు గుర్తించడం వంటి మన సమస్యలు ఉంటే, ఆ పాఠం పిల్లలకు తమదనిపిస్తుంది.

బుచ్చిరెడ్డిపాళెం రైతు:

కోటా సంగతి పెద్దలు తేల్చండి. అధ్యాపకురాలు గారిని ఒక్కటే అడుగుతున్నాను. రాత్రి ఎనిమిదికి రెండో బస్సు వేసి, ఆడపిల్లలను ఊళ్ల లోపల, ఇళ్లకు దగ్గరగా దింపితే, హాస్టల్ పిల్లలకు ల్యాబ్ నుంచి గేటు దాకా వార్డెన్ తోడు వస్తే, ఒప్పుకుంటూ సంతకం పెట్టే మొదటి తండ్రిని నేనే అవుతాను. మీ యాజమాన్యం ఒప్పుకుంటుందా?

కావలి అధ్యాపకురాలు:

అయ్యా, అదే అడగబోతున్నాను. ఎనిమిది గంటల బస్సు వారానికి మూడు రోజులు, రెండు రూట్లలో, మిగిలిన రోజుల్లో జీపీయూ యంత్రాలు మధ్యాహ్నం నుంచి సొంత ప్రాజెక్టులకు వదిలేలా టైంటేబుల్, ఆపకూడని శిక్షణకు యంత్రం మీద పేరు రాసి పెట్టే పద్ధతి. డీజిలుకూ డ్రైవరు అదనపు జీతానికీ అయ్యే ఖర్చును బస్సు ఫీజులో కలపకుండా కళాశాలే భరించాలని కూడా రాస్తున్నాను, ఎందుకంటే అది ఆడపిల్లల ఫీజులో పడితే ఇంకొక ఇంట్లో చదువు మానేస్తారు. మీలాంటి తండ్రుల సంతకాలు దరఖాస్తుకు జత చేస్తే ‘తల్లిదండ్రులు ఒప్పుకోరు’ అన్న జవాబు ఇవ్వడానికి యాజమాన్యానికి వీలుండదు. టంగుటూరు అమ్మాయీ, మీ అమ్మగారు వీలున్నప్పుడు మా నాలుగో సంవత్సరం తరగతికి రాగలరా? గ్రేడింగ్ ఎలా చేస్తారో ఆకులతో సహా చూపించాలి. రాకపోకల ఖర్చూ, ఆ రోజు కూలీ మేము చెల్లిస్తాం.