అప్‌డేట్: మా ఇంటికి ఎపాక్సీ ఫ్లోరింగ్ సరిపోతుందా?

కాకినాడలోని మా పాత ఇంటి కింది అంతస్తులో, అరిగిపోయిన సిమెంటు గచ్చు మీద టైల్స్ వేయించాలా, అతుకులు కనిపించని ఎపాక్సీ పూత (రెండు ద్రవాలు కలిపి పూస్తే గట్టిపడే రెసిన్) వేయించాలా అని ఇక్కడ ఇంతకుముందు అడిగాను. మీలో ఒకరు సూచించినట్టుగానే, నేలలో చెమ్మ ఉందో లేదో చూడటానికి అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పాలిథీన్ షీటును హాలు గచ్చుపై పరచి, నాలుగంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించి, 16 గంటలకు పైగా కదపకుండా ఉంచాము. తీసి చూస్తే షీటు లోపలివైపు సన్నని నీటి చుక్కలు పట్టి ఉన్నాయి, కింద గచ్చు రంగు ముదిరింది.

నేల నుంచి చెమ్మ ఇలా పైకి వస్తున్నప్పుడు, ఆవిరిని బయటికి పోనివ్వని ఎపాక్సీ పొర బుడగలుగా లేచి ఊడిపోయే ప్రమాదం ఉంది. చెమ్మను అడ్డుకునే ప్రైమర్లు (ముందుగా వేసే అడుగు పూతలు) దొరుకుతాయి గానీ, వాటితో కలిపితే మాకు వచ్చిన అంచనా టైల్స్ ఖర్చును దాటిపోయింది. పైగా పడమటి ఎండ నేరుగా పడే హాలులో, పైన పాలీయురేథేన్ పూత లేకపోతే ఎపాక్సీ పసుపెక్కుతుంది. తడి పడితే జారుతుంది, మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు.

అందువల్ల కింద గరుకు టైల్స్‌కే మొగ్గాము. మేడ మీది సామాను గదిలో మాత్రం, చెమ్మ జాడ లేనందున, పూత గట్టిగా పట్టేలా గచ్చును మెషీన్‌తో గీకించి, పగుళ్లు పూడ్పించి ఎపాక్సీ వేయిస్తున్నాము. గీకకుండానే పూస్తామన్న మేస్త్రీని మర్యాదగా పంపించేశాను.