ఓష్ఠకర్ణకాః? ఉష్ట్రకర్ణకాః? ఒక్క ఒత్తు దగ్గర ఆగిపోయాను

పాతపేజీ:
కిష్కింధకాండలో సుగ్రీవుడు వినతుణ్ణి తూర్పు దిక్కుకి పంపుతూ అక్కడ ఎవరెవరు ఉంటారో చెప్తాడు కదా. నాన్నగారు పారాయణలో చదువుతుంటే విన్నది: ‘కర్ణప్రావరణాశ్చైవ తథా చా...’ అంటే చెవులనే కప్పుకునేవాళ్ళు. ఆ తర్వాత ‘ప్యోష్ఠకర్ణకాః’నా (పెదవి చెవులవాళ్ళు), ‘ప్యుష్ట్రకర్ణకాః’నా (ఒంటె చెవులవాళ్ళు)? నెల రోజులుగా ఇదే గొడవ నా బుర్రలో.

ఎందుకు గుర్తొచ్చిందో చెప్తాను. అమ్మాయితో కలిసి ఫ్రాన్స్‌లో వెజ్‌లే అనే ఊరికి వెళ్ళాను. బుర్గుండీలో గుట్ట మీది చిన్న పల్లె. సెర్మిజెల్‌లో రైలు దిగి, పది కిలోమీటర్లు టాక్సీ. ఊళ్ళో ఒకటే పెద్ద వీధి, ఎక్కుతూ పోతే చివర మరియ మగ్దలేనా చర్చి. ముఖమండపంలో లోపలి గుమ్మం మీద 12వ శతాబ్దపు శిల్పం. నడుమ క్రీస్తు, చుట్టూ శిష్యులు. దాని కింది రాతి పట్టీ మీద లోకంలోని జనాలందరూ వరసగా నడుస్తుంటారు. నిచ్చెన వేసుకుని గుర్రం ఎక్కుతున్న మరుగుజ్జు ఒకడు. కుడి చివర చాటంత చెవుల మనుషులు! మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూశాను. నోట్లోంచి దానంతటదే వచ్చింది, ‘కర్ణప్రావరణాశ్చైవ’ అని. రెండో సగం దగ్గర తెల్లమొహం వేశాను.

గురులఘువు:
‘ఓష్ఠకర్ణకాః’. సందేహం లేదు.

తెనాలి బాబాయి:
సందేహం ఎందుకు లేదో కూడా చెప్పండి స్వామీ. అపి + ఓష్ఠ అయితే అప్యోష్ఠ, అపి + ఉష్ట్ర అయితే అప్యుష్ట్ర. ‘ప్యో’ ఎలాగూ గురువే. ‘ప్యు’ అయినా వెనకాల ‘ష్ట్ర’ ఉంది కాబట్టి గురువే. పాదంలో అయిదో అక్షరం లఘువు, ఆరోది గురువు, రెండింటికీ సరిపోయింది. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు.

గురులఘువు:
ఛందస్సు అన్నానా నేను? అర్థం చూడండి. ఒంటె చెవులు చిన్నవి. చెవిని దుప్పటిలా కప్పుకునేవాడి పక్కన బుల్లి చెవులవాణ్ణి నిలబెట్టడం ఏమిటి? పెదవి దాకా వేలాడే చెవులు, అదీ వరస.

కంచరపాలెం:
మరి సభాపర్వంలో సహదేవుడి దిగ్విజయం మాటేమిటి? కర్ణప్రావరణులు అక్కడా ఉన్నారు. కాస్త ముందుకెళ్తే ఆంధ్రులు, తాలవనులు, కళింగులు, వాళ్ళ పక్కనే ఉష్ట్రకర్ణికులు. అంటే మనకి పొరుగువాళ్ళే. నేను ఒంటె పక్షం.

తెనాలి బాబాయి:
ఉత్తరాంధ్రవాళ్ళకి ఆ హక్కు ఉంది :)

అమ్మమ్మ నిఘంటువు:
మీరు ఒంటె వెంట పడి అసలు మాట వదిలేశారు. ‘ప్రావరణ’లో దీర్ఘం చూడండి. ప్ర + ఆ + వరణ. కప్పుకునేది అని. అమరంలో ‘ద్వౌ ప్రావారోత్తరాసంగౌ’ అని పైబట్ట పేర్ల మధ్యే ఉంది ప్రావారం. కాబట్టి దుప్పటి కాదు, ఉత్తరీయం. చెవులే కండువా. మా క్లాసులో పిల్లలు దీర్ఘం మింగేసి ‘కర్ణప్రవరణులు’ అంటారు. అప్పుడు చెవులతో ఎంపిక చేసుకునేవాళ్ళు అవుతారు.

గురులఘువు:
దుప్పటే. గ్రీకు రాయబారి మెగస్తనీస్ మన దేశం గురించి రాసినదాన్ని భూగోళకారుడు స్ట్రాబో ఎత్తి చెప్పాడు: చెవులు పాదాల దాకా ఉంటాయి, వాటిలోనే పడుకుంటారు అని. కండువాలో పడుకుంటారా అమ్మా?

అమ్మమ్మ నిఘంటువు:
ఆర్టీసీ బస్టాండులో చూడండి నాయనా, ఎంతమంది పడుకుంటారో.

పాతపేజీ:
అయితే ఆ చెవులవాళ్ళు ఇక్కణ్ణుంచే వెళ్ళారన్నమాట! అక్కడి గైడు వాళ్ళని ‘పనోటీ’ అంది. గ్రీకులో అంతా చెవులే అని అర్థంట. సిథియాలో, అంటే నల్లసముద్రానికి ఉత్తరాన, ఉంటారని సెవిల్ బిషప్ ఇసిడోరు రాశాడని కూడా చెప్పింది. కుక్కతలలవాళ్ళూ ఉన్నారు పైన ఒక గడిలో.

కంచరపాలెం:
కుక్కతలలవాళ్ళని పాతకాలపు గ్రీకు వైద్యుడు క్టీసియస్ పెట్టింది కూడా మన దేశపు కొండల్లోనే. వాళ్ళకి దూరంగా ఉండేవాళ్ళంతా మనమే.

మనుచరిత్ర మోజు:
ఇంత చర్చలో ప్రవరుడి ఊసు ఎవరూ ఎత్తలేదేమిటి! ప్రవర, ప్రావరణ...

అమ్మమ్మ నిఘంటువు:
అది ఎంచుకునే ‘వృ’ ధాతువు, ఇది కప్పే ‘వృ’. కలపకండి.

మనుచరిత్ర మోజు:
కలపడం లేదండీ. ఇల్లు కదలనివాడు, అతిథి కనపడగానే ‘ఏయే దేశములన్ జరించితిరి’ అని ప్రాణం తీస్తాడే, ఆ ఆత్రం గురించి. పెద్దన ఆ ఒక్క ప్రశ్నలోనే తర్వాతి కథంతా దాచేశాడు. పసరు రాసుకుని హిమాలయానికి వెళ్ళడం తర్వాతి సంగతి, మనిషి అసలు కదిలింది ఇక్కడే. సుగ్రీవుడిది దీనికి తిరగబడ్డ వ్యవహారం: అన్నీ తిరిగి చూసినవాడు, కదలబోయేవాడికి చెప్తున్నాడు. పాతపేజీగారు ఎవరి పక్షం?

పాతపేజీ:
ప్రవరుడి పక్షమే. వెళ్ళిన మూడో రోజుకే ఇల్లు గుర్తొచ్చింది. పైగా దిగేటప్పుడు మోకాళ్ళు.

తెనాలి బాబాయి:
వెజ్‌లే అంటే ఫ్రెంచి రచయిత రోమా రోలా ఉన్న ఊరు కాదూ? 1938 నుంచి అక్కడే ఉండి, 1944 డిసెంబరులో అక్కడే పోయాడు. వివేకానందుడి మీద పుస్తకం రాసినాయన. ఇల్లు చూశారా?

పాతపేజీ:
చూశాను. ఆ ఇల్లు ఇప్పుడు చిత్రాల మ్యూజియం. అదలా ఉంచండి, నా ఒత్తు సంగతి తేల్చరా?

గురులఘువు:
తేల్చాను కదా. ఓష్ఠ.

కంచరపాలెం:
ఉష్ట్ర. రాసుకునేవాడు ‘ష్ట్ర’ కింద రావత్తు వదిలేసి ఉంటాడు. తర్వాతివాడికి ‘ఉష్ట’ అర్థం కాక ‘ఓష్ఠ’ చేశాడు.

గురులఘువు:
పెదవి తెలిసినవాడు ఒంటెని ఎక్కించాడని నేనూ అనగలను.

అమ్మమ్మ నిఘంటువు:
పాతపేజీగారూ, ఆ శిల్పం ఫొటో పెట్టండి. చెవులు భుజాల మీద కండువాలా ఉన్నాయా, ఒళ్ళంతా చుట్టాయా చూడాలి.

పాతపేజీ:
పెడతాను, కాస్త మసగ్గా ఉంది. నాకైతే రెండు ఆల్చిప్పల మధ్య మనిషిని పెట్టినట్టుంది.

కంచరపాలెం:
పక్కనే ఒంటె చెవి ఫొటో ఒకటి నేను పెడతాను. కొలిచి చూసుకోండి.